దొరబాబు కంచం

నేను ఒక ఇడ్లీ రేకుని. సత్తు రేకుని. ఒంటి మీద నాలుగు గుంటలు, గుంటకి ఏడేసి చిల్లులు, నడుమ కడ్డీ దూరడానికి ఒక బొక్క. నా గురించి చెప్పుకోవలసింది ఇంతే. అయితే ఇప్పుడు చెప్పినవాటిలో ఒక్కటి కూడా నాలో ఉన్న వస్తువు కాదని మీరు గమనించే ఉంటారు. గుంట అంటే ఏమీ లేని చోటు. చిల్లూ అంతే, బొక్కా అంతే. నాకు పనికొచ్చేదంతా నాలో లేని చోటే ఉంది. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు కాబట్టి ఖాళీ అంటే నాకు దిగులు లేదు. మనుషుల సంగతి వేరు. వాళ్ల చేతుల్లో ముప్పై ఏళ్లు బతికాక నాకు అర్థమైనదొక్కటే. ఖాళీగా ఉన్న దేన్నయినా వాళ్లు కాసేపు చూస్తూ ఊరుకోలేరు.

రాజమండ్రి శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గుండ్రంగా కత్తిరించిన బిళ్లని అచ్చు మీద పెట్టి పైనుంచి ప్రెస్సు దింపితే ఒక్క దెబ్బకి నాలుగు గుంటలూ పడ్డాయి. ప్రెస్సు దింపిన మనిషికి ఆ రోజు పన్ను నొప్పి. నా వైపు చూడను కూడా లేదు. మనుషులైతే చిన్నప్పుడు తగిలిన దెబ్బని జీవితమంతా తడుముకుంటూ ఉంటారు. నాకు ఆ దెబ్బే రూపం. మరో ఐదుగురు అన్నదమ్ములతో కలిసి ఒకే కడ్డీకి గుచ్చుకుని కాకినాడ చేరాను.

కాకినాడలో ఒక ఇంజనీరింగు కాలేజీ వెనక వీధిలో మాణిక్యాంబగారి మెస్సు ఉండేది. పొద్దున్నే పన్నెండు వాయిల ఇడ్లీలు దింపాక మమ్మల్ని కడిగి, వంటగదికీ భోజనాల హాలుకీ మధ్య ఉన్న అరుగు మీద ఆరబెట్టేవారు. అక్కణ్ణుంచి చూస్తే మధ్యాహ్నం బంతి మొత్తం కనిపించేది. మాణిక్యాంబ వడ్డనలో ఒక పద్ధతి ఉంది. ఆవిడ తినేవాడి ముఖం చూడదు, ఆకు చూస్తుంది. అన్నం మధ్యలోంచి ఆకు పచ్చదనం కాస్త బయటపడిందా, అక్కడ గరిటె దిగుతుంది. చాలండి అంటే ఒక గరిటె. వద్దండి అంటే గరిటెన్నర. రెండు చేతులూ ఆకు మీద బోర్లా పెట్టుకుని పైన వంగిపోతే, వేళ్ల సందుల్లోంచి పప్పు.

"అమ్మా, నా వల్ల కాదమ్మా, పొట్ట పగిలిపోద్ది!" అని మొత్తుకునేవాడు ఎవడో ఒకడు.

"పగిలితే కుట్టిస్తాలే. ముందు పెరుగన్నం కానియ్."

ఆ కుర్రాళ్లు దాన్ని ప్రేమ అనుకునేవారు. ప్రేమే కావచ్చు. అరుగు మీదనుంచి చూస్తే మాత్రం ఆకు ఖాళీ అవుతున్నకొద్దీ ఆవిడ నుదుటి మీద ఒక ముడత పడటం, గరిటె దిగగానే అది పోవడం కనిపించేది. ఎవరి ఆకలి తీరుతోందో ఒక్కోసారి నాకు తెలిసేది కాదు.

ఇరవై రెండేళ్ల తరవాత కాలేజీవాళ్లు లోపలే క్యాంటీను పెట్టుకున్నారు. అదే ఏడు ఆవిడ మోకాళ్లు కూడా మొరాయించాయి. మెస్సు మూసేశారు. గుండిగలూ బల్లలూ వెళ్లిపోయాయి. మేం ఆరుగురం మాత్రం రామారావుపేటలో వాళ్ల ఇంటి వంటగది అటకెక్కాం.

ఇంట్లో తినేవాడు ఒక్కడే. ఆయన పేరు భీమేశ్వరరావు, మాణిక్యాంబ భర్త. పోర్టు ఆఫీసులో ఓడల రాకపోకలు రాసే గుమస్తాగా రిటైరయ్యాడు. షుగరు. రెండు పుల్కాలు, ఒక చిన్న గిన్నెడు కూర. తినేటప్పుడు ఎడమ చెయ్యి కంచానికి అడ్డం పెట్టుకునేవాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన తనకు తానుగా నేర్చుకున్న ఆత్మరక్షణ అదొక్కటే. దాంతో ఆవిడ గరిటె వీధిన పడింది. గ్యాసు బండ తెచ్చినవాడికి రెండు పెసరట్లు. పార్సెలు ఇవ్వడానికి వచ్చిన పిల్లకి పులిహోర. కరెంటు మీటరు చూసే ఆయన మొదటి నెల మొహమాటపడి తిన్నాడు. రెండో నెల భయపడి తిన్నాడు. మూడో నెలనుంచి గోడ అవతల నిలబడి, మెడ సాచి, మీటరు చదువుకుని పోవడం మొదలుపెట్టాడు.

అలాంటి రోజుల్లో దొరబాబు వచ్చాడు.

మెస్సులో నాలుగేళ్లు తిన్న ఫణీంద్ర అనే అబ్బాయి వాణ్ణి ముచ్చటపడి కొనుక్కున్నాడు. ఈలోగా ఓడ మీద ఉద్యోగం వచ్చింది. ఏడు నెలల బుల్‌డాగ్‌ని చంకనేసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, "మీ దగ్గరైతే వీడు పస్తుండడని ధైర్యమమ్మా" అన్నాడు.

"పస్తా? నా ఇంట్లోనా?" అంది మాణిక్యాంబ. కుక్కల్ని పెంచడం గురించి ఆ ఇంట్లో జరిగిన చర్చ మొత్తం అదే.

వాడి ముఖం ఎవరో తలుపు సందులో పెట్టి నొక్కినట్టుంటుంది. ఊపిరి తీసుకుంటే పాత కుట్టుమిషను నడుస్తున్న చప్పుడు. కిందికి దించగానే పెరట్లో మూడు చుట్లు పరిగెత్తాడు, నాలుగో చుట్టులో గేటుకి గుద్దుకున్నాడు, ఆరేసిన లుంగీని కిందికి లాగి దాంతో యుద్ధం చేశాడు, కుళాయి మీద మొరిగాడు, కప్పలా పొట్ట నేలకానించి పడుకున్నాడు, పడుకున్నట్టు గుర్తొచ్చి ఉలిక్కిపడి మళ్లీ లేచాడు. అలసట అనేది వాడి ఒంటికి తెలుసు గాని వాడికి తెలీదు.

ఆవిడ స్టీలు గిన్నెలో కోడిమాంసం కలిపిన అన్నం పెట్టింది. వాడు తిన్నాడనడం సరికాదు. అన్నం ఉండింది, తరవాత లేదు.

"ఏవండీ! ఇలా రండి, చూడండి! తినడమంటే అదీ!" అని ఆవిడ కేకేసింది. గిన్నె అడుగు తళుక్కుమంది. ఆవిడ చెయ్యి దానంతటదే లేచింది.

భీమేశం సెల్‌ఫోన్లో సెకండ్ల లెక్క చూసి, "ఇరవై రెండు సెకండ్లు. ఇది తిండి కాదు మాణిక్యం, సరుకు దింపడం" అన్నాడు. ఆనాటినుంచి పాత అలవాటు చొప్పున డైరీలో రాయడం మొదలుపెట్టాడు. రాక, ఎనిమిది గంటల రెండు నిమిషాల పది సెకండ్లు. పోక, ముప్పై రెండు సెకండ్లు.

తిన్నదాంట్లో సగం పావుగంటకి బయటికొచ్చేది. వాడు దాన్ని కూడా మళ్లీ తినడానికి తొందరపడేవాడు. భీమేశం ఫోనులో చదివి గిన్నె మధ్యలో ఒక గుండ్రాయి పెట్టాడు, దాని చుట్టూ తిరిగి తింటే మెల్లగా తింటాడని. దొరబాబు రాయిని నోట కరుచుకుపోయి తులసికోట దగ్గర పెట్టి, వచ్చి తిన్నాడు. యజమాని ప్రశాంతంగా ఉంటే కుక్క ప్రశాంతంగా ఉంటుందని ఇంకెక్కడో చదివి, రోజూ ఎనిమిదింటికి వాడి ఎదురుగా బాసింపట్టు వేసుకుని, కళ్లు మూసుకుని, ముక్కుతో గాలి పీల్చి వదిలాడు. వాడు ఆయన ముక్కు నాకాడు. దిష్టి తగిలిందని పక్కింటావిడ నిమ్మకాయ తిప్పితే, దాన్నీ అదే వేగంతో అందుకుని కొరికి, ముఖం ముడుచుకుని ఉమ్మేశాడు. ముఖం ముడుచుకున్న సంగతి మాత్రం ఎవరూ పోల్చుకోలేకపోయారు.

ఇదంతా నేను అటక మీదనుంచి చూస్తూనే ఉన్నాను. ఇప్పటిదాకా నవ్వుకోవడానికి బాగానే ఉంది.

ఒక ఆదివారం పొద్దున అన్నంలో కాస్త పెద్ద ముక్క పడింది. దొరబాబు ఎప్పటిలాగే దింపాడు. దిగలేదు. వాడు మొరగలేదు, దగ్గలేదు. నోరు తెరుచుకుని, మెడ ముందుకు సాచి, మాణిక్యాంబ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడూ ఉండే ఆ కుట్టుమిషను చప్పుడు లేదు. దాని విలువ ఆ ఇంటికి అప్పుడే తెలిసింది. నాలుక నేరేడుపండు రంగుకి తిరిగింది.

"ఏవండీ... ఏవండీ..." తప్ప ఆవిడ నోట ఇంకో మాట రాలేదు. భీమేశం వాడి వెనక కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తి కుదిపాడు. నడుము పట్టేసిన మనిషి, ఇరవై కిలోల కుక్క. మూడో కుదుపుకి ముక్క నేల మీద పడింది. కుట్టుమిషను మళ్లీ మొదలైంది. దొరబాబు పక్కకి తిరిగి, ఆ ముక్క తినబోయాడు.

వాణ్ణి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, అక్కడి మాటలు తరవాత వాళ్లు చెప్పుకోగా విన్నాను. డాక్టర్ షాహిదా బుల్‌డాగ్‌ల గొంతు ఎంత ఇరుకో బొమ్మ గీసి చూపించింది. చిన్న వయసు డాక్టరే గాని మాట మెత్తన చెయ్యదు.

"అమ్మా, ఈ జాతికి మామూలుగా ఊపిరి తీసుకోవడమే పెద్ద పని. ఇంకోసారి ఇలా అయితే మీరు ఆటో పిలిచేలోపే అయిపోద్ది. నా దగ్గరికి తెచ్చేదాకా ఉండడు."

మాణిక్యాంబ వాడి మెడ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"ఎందుకింత ఆత్రం డాక్టరమ్మా వీడికి?" అని భీమేశం అడిగాడు.

"చాలామట్టుకు చిన్నప్పటి భయం అంకుల్. అమ్మేవాళ్ల దగ్గర ఎనిమిది పిల్లలకి ఒకటే పళ్లెం పెడతారు. ముందు మింగినవాడిదే తిండి."

ఈ మాట అందరికీ హాయిగా ఉంది. బాల్యం చాలా అనువైన చోటు. తప్పులన్నీ అక్కడ పెట్టి తాళం వెయ్యొచ్చు, ఎవరూ వెనక్కి వెళ్లి చూసి రాలేరు. వాడు నోరులేని జీవి కాబట్టి కాదనడు కూడా. ఇంటికొచ్చేదాకా ఆటోలో వాడి చిన్నతనం తలుచుకుని ఇద్దరూ జాలిపడ్డారు.

ముక్కలు చిదమాలి, ఉప్పూ ఉల్లిపాయా తగలకూడదు, ఆడిన వెంటనే పెట్టకూడదు అని డాక్టరు వరసగా చెప్పి, మెల్లగా తినేందుకు గుంటలున్న గిన్నెలు దొరుకుతాయి, అది వచ్చేదాకా ఇంట్లో గుంటల గుంటల పళ్లెం ఏదైనా ఉంటే వాడండి అంది. మాణిక్యాంబ ఒక్క క్షణం ఆలోచించింది. అరగంటలో నేను అటక దిగాను.

ఆరుగురిలో నన్నే ఎందుకు తీసిందో తెలీదు. పైన ఉన్నాను, అంతే అయి ఉంటుంది. ఎన్నికైనవాళ్లు దీన్ని గురించి ఎక్కువ ఆలోచించకపోవడం మంచిది.

మొదటి రోజు నా చిల్లుల్లోంచి మాంసం నీళ్లు కారి నేలంతా అయ్యాయి. దొరబాబు నన్ను మూతితో ఎత్తి పడేసి నేల నాకాడు. భీమేశం ఆలోచించి, తను చిన్నప్పుడు కూర్చుని అన్నం తిన్న భోజనాల పీట తెచ్చి, నా నడుమ బొక్కలోంచి బోల్టు దూర్చి దానికి బిగించాడు. మనిషి కూర్చునే పీట మీద కుక్క కంచం కూర్చుంది. ఎవరికీ తప్పుగా అనిపించలేదు.

ఆ రోజు డైరీలో మూడు నిమిషాల నలభై సెకండ్లు. ఇంట్లో పండగ. వాడి మొండి మూతి నా లోతు తక్కువ గుంటల్లోకి అతికినట్టు సరిపోయింది. ఒక గుంట నాకి, తల ఎత్తి, రెండో గుంట వెతుక్కునేవాడు. నా జీవితంలో మొదటిసారి నేనొక వైద్యాన్ని అయ్యాను. గర్వపడ్డానని ఒప్పుకుంటున్నాను.

వారం తిరిగేసరికి మూడు నిమిషాలు రెండయ్యాయి. పదోరోజుకి నిమిషం పది సెకండ్లు. మూడోవారం నలభై ఐదు సెకండ్లు, మళ్లీ వాంతులు. ఇరవయ్యొకటో రోజు వాడు తింటూ తింటూ ఆగి మెడ సాచాడు. మాణిక్యాంబ అక్కడికక్కడే చతికిలబడిపోయింది. వాడు రెండుసార్లు పొడిగా దగ్గి ఊపిరి తీసుకున్నాడు. ఈసారి ముక్క లేదు, ఉత్త తొందరే.

ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం తినలేదు. వాడు నిద్రపోతుంటే ముక్కు ముందు అరచెయ్యి పెట్టి కూర్చుంది, గాలి తగులుతోందో లేదోనని. "వీణ్ణి ఫణీంద్ర నా మీద నమ్మకంతో ఇచ్చాడండీ. వీడు నా చేతి అన్నం తిని పోతే నేను బతకలేను" అంది.

"డాక్టరమ్మ వీడు తినేది చూస్తానంది. రేపు వీడియో తీస్తాను" అన్నాడు భీమేశం.

మర్నాడు క్లినిక్కి నన్ను కూడా తీసుకెళ్లారు, పీటతో సహా. బల్ల మీద నేను, నా పక్కన ఫోను. వీడియోలో ముందు భీమేశం గొంతు వినిపించింది. "నమస్కారం. ఇప్పుడు సమయం ఉదయం ఎనిమిది గంటలు. వాతావరణం కొంచెం ఉక్కగా ఉంది. దొరబాబు భోజనానికి సిద్ధంగా ఉన్నాడు..." డాక్టరు దాన్ని ముందుకి జరిపింది. తరవాత వాడు తినడం. చూసింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. మూడోసారి చూస్తూ ఫోను మీద వేలు పెట్టి ఆపింది.

"ఈ చెయ్యి ఎవరిది?"

ఇద్దరూ వంగి చూశారు. తెర మీద ఒక మూలనుంచి, గరిటె పట్టుకున్న చెయ్యి ఒకటి వచ్చి ఉంది.

"నాదేనండీ" అంది మాణిక్యాంబ.

"ఏం చేస్తున్నారమ్మా?"

"అదేంటండీ, గుంట ఖాళీ అయింది కదా. మారు వేస్తున్నాను."

డాక్టర్ షాహిదా వీడియో నడిపింది. వాడు మొదటి గుంట నాకాడు, గరిటె దిగింది. రెండోది నాకాడు, గరిటె దిగింది. వాడి కళ్లు నా మీద లేవు. మూతి నాలో ఉంది, కళ్లు పైకి తిరిగి గరిటె మీద ఉన్నాయి.

"నలభై ఐదు సెకండ్లలో ఆరుసార్లు" అంది డాక్టరు. "అమ్మా, వీడు తినట్లేదు. ఖాళీ చేస్తున్నాడు. ఎంత తొందరగా ఖాళీ చేస్తే అంత తొందరగా మీరొస్తారని వీడికి అర్థమైపోయింది. నేను మెల్లగా తినమని చెప్తున్నాను, మీరు తొందరగా తినమని చెప్తున్నారు. నా మాట వాడికి తెలీదు కదా, మీ మాట తెలుసు."

"నేనేం చెప్పానండీ? నోరు కూడా విప్పను వాడు తినేటప్పుడు!"

"నోరెందుకమ్మా, గరిటె ఉందిగా."

భీమేశం పొట్ట పట్టుకుని నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగాడు. "మరి మూడు వారాలుగా పక్కనే కూర్చుని టైము రాస్తున్నాను, నాక్కూడా కనపళ్లేదు డాక్టరమ్మా" అన్నాడు.

నాకూ కనపడలేదు. దీన్ని దాచి లాభం లేదు. ఆ గరిటె దిగింది నాలోనే. ఇరవై రెండేళ్లు ఆ చేతిని చూస్తూ బతికినవాడికి అది గాలిలాంటిది, వీచినట్టు తెలియదు. పళ్లెం మారితే తిండి మారుతుందని అందరం నమ్మాం. నేను మరీ గట్టిగా నమ్మాను. ఎందుకంటే ఆ పళ్లెం నేనే.

మందు చాలా చిన్నది. కొలిచినంత అన్నం ఒక్కసారే నాలుగు గుంటల్లో సర్దాలి. వాడు ముగించాక మారు వెయ్యకూడదు. ఖాళీ కంచం తియ్యకూడదు. వాడు పక్కకి పోయేదాకా మాణిక్యాంబ ఎదురుగా కూర్చోవాలి, ఒట్టి చేతులతో.

"లోపలికి వెళ్లిపోతే సరిపోదా?" అని ఆవిడ అడిగింది.

"పోదమ్మా. మీరు లేకపోతే మీకోసం చూస్తాడు. మీరుండి కూడా ఇంకేం రాదని వాడికి తెలియాలి."

"నోరులేనిదాన్ని ఖాళీ కంచం ముందు కూర్చోబెట్టి చూస్తూ ఉండమంటారు?"

"రేపు వాడే లేకుండా పోతే, చూస్తూ ఉండడానికి కంచమే ఉంటుంది" అంది డాక్టరు. చెప్పాను కదా, మాట మెత్తన చెయ్యదు.

మర్నాడు ఎనిమిదింటికి నన్ను పెరట్లో పెట్టారు. ఆవిడ అన్నం సర్ది, గరిటెని భీమేశానికి ఇచ్చేసి, ముక్కాలిపీట మీద కూర్చుంది. దొరబాబు యాభై సెకండ్లలో నాలుగూ నాకేసి తల ఎత్తాడు. గరిటె రాలేదు. మళ్లీ నాకాడు, అంత గట్టిగా నాకితే గుంటలు అరిగిపోతాయేమో అనుకున్నాను. మళ్లీ చూశాడు. రాలేదు. మొరిగాడు. పెరడంతా ఒక చుట్టు పరిగెత్తి వచ్చి, ఈసారి వచ్చి ఉంటుందేమోనని గుంటల్లోకి తొంగిచూశాడు. నా అంచు పళ్లతో పట్టుకుని పీటతో సహా ఆవిడ కాళ్ల దగ్గరికి ఈడ్చుకొచ్చాడు.

ఆవిడ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. "ఒక్క ముద్ద వేస్తే ఏమవుద్దండీ."

"లేవకు."

"మీకేం? ఖాళీ కంచమంటే ఏంటో మీకు తెలీదు. ఎంతసేపటికీ డైరీ ఒకటి పట్టుకుని కూర్చుంటారు. కంచం వాడిది కాబట్టి సరిపోయింది."

"అందరికీ తెలుసు మాణిక్యం. లేవకు."

అప్పుడావిడ భర్తతో మాట్లాడటం మానేసి కుక్కతో మాట్లాడటం మొదలుపెట్టింది. మనుషులు నిజం చెప్పదలుచుకున్నప్పుడు ఎక్కువగా ఇలాంటివాళ్లనే ఎంచుకుంటారు.

"ఒరే, అలా చూడకురా. నాకు ఏడేళ్లప్పుడు అంతర్వేది పక్కన మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లాం, మా నాన్నా నేనూ. ఆఖరి బంతిలో కూర్చోబెట్టారు. అందరికీ వడ్డించుకుంటూ వచ్చి మా నాన్న దగ్గరికి వచ్చేసరికి గుండిగ గీకిన చప్పుడైంది. తెస్తామని వెళ్లారు. ఆకు మీద నీళ్లు చిలకరించుకుని కూర్చున్నాడురా. అటూ ఇటూ అందరూ తింటున్నారు. ఎవరూ రాలేదు. నా ఆకులోది పెడదామంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆఖరికి ఆకు మడిచేసి, కడుపు నిండిపోయిందమ్మా అన్నాడు నాతో. ఆ ఆకు మీద తడి కూడా ఆరలేదు."

దొరబాబు చెవులు ముందుకి పెట్టి విన్నాడు. ఆవిడ గొంతు వాడికి ఎప్పుడూ ముద్దకి ముందు వచ్చేది. ఈసారి గొంతొచ్చింది, ముద్ద రాలేదు. కాసేపు నిలబడి, వాడు పొట్ట నేలకానించి నా మీద గడ్డం పెట్టి పడుకున్నాడు.

భీమేశం కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. ముప్పై నాలుగేళ్లలో ఈ మాట ఆయనెప్పుడూ వినలేదు. ఆ రోజు డైరీలో రాక ఉంది, పోక లేదు.

అలా మొదలైంది. ఒక్కరోజులో ఏదీ మారలేదు. రెండోరోజూ వాడు నన్ను ఈడ్చాడు, ఆవిడ ఏడ్చింది. నాలుగోరోజు భీమేశం గరిటెతో సహా స్నేహితుడి ఇంటికి పోయి కూర్చున్నాడు, తన మీద తనకి నమ్మకం లేక. ఆరోరోజు ఆవిడ ఒక్క ముద్ద వేసేసింది. మర్నాడు వాడి తిండి మళ్లీ నలభై సెకండ్లకి దిగిపోయింది. ఆవిడే డాక్టరుకి ఫోను చేసి తప్పు ఒప్పుకుంది, బళ్లో పిల్లలా. మళ్లీ మొదటినుంచి. వారం గడిచాక వాడు ఈడ్వడం మానేశాడు. పక్షం దాటాక రెండు గుంటల మధ్య ఆగి గాలి పీల్చుకోవడం మొదలైంది. నిమిషం అయింది, మూడయింది, ఆరయింది. వాంతులు ఆగాయి. తినడం నెమ్మదించాక పెరట్లో పరుగులూ కాస్త తగ్గాయి. లుంగీలు తీగ మీదే ఉండసాగాయి. డాక్టరు చెప్పిన రబ్బరు గిన్నె కూడా వచ్చింది. వాడు దాన్ని బొమ్మ అనుకుని నమిలేశాడు.

నెలన్నర దాటాక ఒక పొద్దున, వాడు మూడు గుంటలు తిన్నాడు, నాలుగో గుంటలో సగం తిన్నాడు. రెండు ముద్దలు మిగిలి ఉండగా తల ఎత్తి, ఒకసారి పెరడంతా చూసి, నడుచుకుంటూ వెళ్లి గోడ నీడలో పడుకున్నాడు.

మాణిక్యాంబ ముక్కాలిపీట మీదనుంచి లేచి నిలబడింది. "ఏవండీ! వీడు వదిలేశాడు. ఒంట్లో బాగోలేదేమో. ఆ డాక్టరమ్మకి ఫోను చెయ్యండి, గమ్మున."

భీమేశం ఫోను చేసి, అవతలి మాట విని, పెట్టేశాడు. "నవ్వుతోంది. ఏం కాదట. ఆకలేస్తే వాడే వస్తాడట, కంచం తియ్యొద్దంది."

"మిగిల్చాడండీ. నా చేతి అన్నం ఎవరూ మిగల్చలేదు ఇంతవరకూ."

"మిగల్చనిచ్చావా ఎవరినైనా?"

ఆవిడ మళ్లీ కూర్చుంది. ఎండ నా మీదికి వచ్చింది. ఒక చీమ అంచు దాకా ఎక్కి చూసి, కబురు తీసుకుపోయింది. ఇన్నేళ్లలో నాలో ఏదైనా మిగిలి ఉండటం నాకూ కొత్తే. మెస్సులో ఇడ్లీ తీశాక గుంట అడుగున అంటుకున్న తునక కూడా చెంచాతో గీకేవారు. ఆ రెండు ముద్దలూ నాలో ఊరికే ఉన్నాయి. ఎవరికీ తొందర లేదు.

గంట దాటాక దొరబాబు లేచాడు. ఒళ్లు విరుచుకున్నాడు. వచ్చి ఒక ముద్ద తిన్నాడు, ఊపిరి తీసుకున్నాడు, రెండోది తిన్నాడు. గుంట ఒకసారి నాకాడు. ఈ మొత్తంలో ఒక్కసారి కూడా ఆవిడ వైపు చూడలేదు.

"చూడలేదండీ నన్ను" అంది మాణిక్యాంబ మెల్లగా.

"అదే కదా మనకి కావలసింది."

"అదేననుకోండి."

ఆవిడ నుదుటి మీది ముడత నేను మళ్లీ చూశాను. ఈసారి దాన్ని తీసెయ్యడానికి గరిటె లేదు. దొరబాబు నా దగ్గరనుంచి కదిలి ఆవిడ వైపు నడిచాడు. ఆవిడ కంగారుగా రెండు చేతులూ చాపి చూపించింది. "ఏం లేదురా నా దగ్గర. చూసుకో."

వాడు ఒక అరచెయ్యి వాసన చూశాడు, రెండోది చూశాడు. ఏమీ లేదని వాడికి ముందే తెలుసు. తెలిసీ వెళ్లిపోలేదు. ఆవిడ పాదం మీద తన బరువంతా వేసి, బోర్లా పడుకుని, కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి ఆవిడ అంది, "కాలు తిమ్మిరెక్కుతోందండీ."

"తీసెయ్ మరి."

"మీరు ఊరుకోండి" అందావిడ, గొంతు తగ్గించి.

ఆవిడ కదల్లేదు. భీమేశం డైరీ మూసి గోడకి ఆనుకున్నాడు. నా నాలుగు గుంటలూ ఎండలో ఆరుతున్నాయి. కడగడానికి ఎవరూ రాలేదు.